గోడమీద రెండోవాడు

1355 ఫసలీ (ఇంగ్లీషు లెక్కన 1945), బహమన్ నెల 3

దొర పట్నం నుంచి తిరిగి వచ్చాడు. వెంట రెండు బండ్ల సామాను. పూర్వమెప్పుడో నిజాం కొలువులో చేరిన ఫ్రాన్సు సిపాయి ఇంటి సరుకట అది. వాడి మునిమనుమలు అమ్ముకుంటుంటే వేలంలో కొన్నాడు. అందులో సగం దేనికి పనికొస్తుందో కొన్నవాడికే తెలియదు. అందుకే నాకు కబురు. ఇంగ్లీషు అక్షరం కనబడితే చాలు, గడిలో "ఏసోబు ఏడి?" అని వినబడుతుంది.

గడి వసారా అంచు దాకా చెప్పులతో వెళ్ళేది మా వాడలో నేనొక్కణ్ణే. ఈ మాట ఇదివరకు కూడా రాసుకున్నానేమో. రాసుకుంటే ఏం? మిషను బడిలో ఊరికే చదవలేదు. ఆ చెప్పులు బాపు కుట్టినవే. అడుగున ఇనుప నాడాలు కొట్టి ఇచ్చాడు. నడిస్తే టకటకమంటాయి. బాపు మాత్రం గడి కనబడగానే తన చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంటాడు.

సామానులో అద్దం బిగించిన పటం ఒకటి ఉంది. ముసలి రైతు పార మీద ఆనుకొని వంగి నిలబడ్డాడు. వాడి వీపు మీద ఇద్దరు ఎక్కి కూర్చున్నారు. ఒకడికి కత్తి, ఈకల టోపీ. రెండోవాడికి నల్లని అంగీ, పాదిరీ కావచ్చు. రైతు కాళ్ళ దగ్గర కుందేళ్ళు వాడి పంటే మేస్తున్నాయి, పావురాలు వాడి గింజలే ఏరుకుంటున్నాయి. నవ్వడానికి గీసిన బొమ్మ. నాకు నవ్వు రాలేదు. ఆ రైతు ముఖంలో నొప్పి లేదు, అలవాటు ఉంది.

కింద ఫ్రెంచిలో ఒక వరస. దాని కింద ఎవరో పెన్సిలుతో ఇంగ్లీషులో అర్థం రాసిపెట్టారు: "ఈ ఆట తొందరగా అయిపోతుందని ఆశపడాలి."

"ఏం రాసిండ్రురా గాడ?" అన్నాడు దొర.

నూటయాభై ఏళ్ళ కింద ఫ్రాన్సులో రైతులు తమ దొరలను ఏం చేశారో హిస్టరీ పుస్తకంలో చదివాను. అప్పుడు ఇలాంటి బొమ్మలు బజారులో చవగ్గా అమ్మేవారట. జనం కొనుక్కుని గోడలకు అంటించుకుని నవ్వుకునేవారట. నవ్వు ముదిరి తలలు తెగాయి. ఆ సంగతి దొరకు చెప్పి నా తల మీదికి తెచ్చుకోవడం దేనికి?

"మా దొరలను మోసుడే మాకు ఆట, గీ ఆట ఎన్నడు ఒడువొద్దు అని రాసిండ్రు దొరా" అన్నాను.

దొర మురిసిపోయాడు. పటాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు.

బహమన్ 5

అబద్ధానికి కాళ్ళు ఉండవంటారు. నాదానికి ఉన్నాయి. అది నడిచి నడిచి ఎక్కడికో పోతోంది.

ఈ నెలలోనే జిల్లా అధికారి తాలూక్‌దార్ సాబ్ ఊళ్ళు తనిఖీ చేసే దౌరాకు వస్తున్నాడు. గడిలో దావత్. ఆ బొమ్మను వసారా పెద్ద గోడ మీద నిలువెత్తున గీయించి సాబ్‌కు చూపిస్తాడట దొర. "ఫ్రాన్సుల గుడ రైతు గిట్లనే ఉంటడని సాబ్ సూడాలె" అన్నాడు. అర్థం నేనే వివరించాలి. దావత్ బాగా జరిగితే బాపుకు వెట్టి మాఫీ చేస్తానన్నాడు. తానుగా అన్నాడు, నేను అడగలేదు.

బాపు వయసువాళ్ళు మా వాడలో ఎవరూ బతికి లేరు. ఇప్పటికీ అధికారి ఎవడొచ్చినా వాడి సామాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరిదాకా ఉరికేది ఆయనే. మొన్న వానాకాలంలో దారిలో పడిపోతే, లేపి మళ్ళీ నెత్తికెత్తారు. ఇంకో వానాకాలం ఆ పని చేస్తే మనిషి దక్కడు. అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

అందుకని ఆ అబద్ధం అలాగే ఉండాలి. దానివల్ల నష్టపోయినవాడు ఎవడూ లేడు.

బహమన్ 8

ఆలేరు దిక్కు నుంచి భీమయ్య అనే నకాషి వచ్చాడు. కులకథలు చెప్పేవాళ్ళకు పొడుగాటి పటాలు గీసి ఇచ్చే వంశం వాళ్ళది. ఫ్రాన్సు బొమ్మను చాలాసేపు చూశాడు. నా ముఖం కూడా చాలాసేపు చూశాడు.

"గీ బట్టలు నా చేతికి రావు దొరా. మన బట్టలే ఏస్త" అన్నాడు.

"ఏసుకో. మనిషి మీద మనిషి ఉండాలె, గంతె" అన్నాడు దొర.

బహమన్ 11

గోడంతా ఎర్ర రంగు పూసి దాని మీద బొమ్మ లేపాడు. మోసేవాడికి గోచీ, తలకు చినిగిన రుమాలు. కత్తివాడికి దొర పెట్టుకునే జరీ పగిడీ. రెండోవాడికి నల్ల కోటు, జేబులో కలం.

దొర చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "ఏసోబుగా, నువ్వేరా!"

"పాదిరీ దొరల కోట్లు గిట్లనే ఉంటయి దొరా" అన్నాను. నిజంగా అలాగే ఉంటాయి. నా కోటు కూడా ఒక పాదిరీ విడిచినదే కదా. నల్ల కోట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి.

ఎవరికీ ఇంకా కళ్ళు పెట్టలేదు. కళ్ళ చోట తెల్లటి మచ్చలు. వాకిలి ఊడ్చే నర్సింగమ్మ చీపురు పట్టుకుని మోసేవాడి ముందు నిలబడిపోయింది. "మా అయ్య గాడికెట్ల వచ్చిండు?" అంది. ఆమె తండ్రి చచ్చి చాలా కాలమైంది. నీళ్ళు మోసేవాడు వచ్చి అది తన పెద్దన్న అన్నాడు. కట్టెలు తెచ్చినవాడు రుమాలు తీసి ముఖం తుడుచుకుని పోయాడు.

నాకు మాత్రం అందులో ఫ్రాన్సు రైతే కనిపించాడు. చదువుకున్నవాడికి బొమ్మ బొమ్మలాగే కనిపిస్తుంది.

బహమన్ 14

నకాషివాళ్ళు అన్నీ గీశాక చివర్న కళ్ళు పెడతారు. పెట్టేముందు ఆ బొమ్మ ఎవరిదో వాళ్ళ పేరు మూడుసార్లు పిలవాలి. అది భీమయ్య ఇంటి పద్ధతి. దేవుళ్ళ బొమ్మలైతే పేర్లు తెలిసినవే. ఇక్కడే వచ్చింది చిక్కు.

"పిలువకుంట కన్ను తెరిస్తె, ఎవరొచ్చి కూసుంటరో మాకు ఎరుకుండది దొరా" అన్నాడు.

దొరకు అదంతా వేడుక. కత్తివాడికి తన పేరే పెట్టమన్నాడు. భీమయ్య ఆ పేరు మూడుసార్లు పిలిచి కుంచె ఆనించాడు. గోడ మీద దొర కళ్ళు విప్పాడు.

తరవాత మోసేవాడి వంతు. "మోసెటోనికి పేరేందిరా" అని దొర నవ్వి, నా వైపు తిరిగాడు. "ఏసోబుగా, మీ నాయిన పేరు పిలువు. ఎట్లాగు మాఫీ ఆయనకే గద."

పిలిచాను. ఇస్రాయేలు. మూడుసార్లు. బుద్ధెరిగాక బాపును పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి. ఏ కొడుకూ పిలవడు. నోట్లో మన్ను పడ్డట్టు అయింది.

కుంచె తీయగానే ఆ కళ్ళు నా వైపే చూశాయి. పక్కకు జరిగాను. అయినా నా వైపే. గోడ బొమ్మల కళ్ళు ఎటు నిలబడితే అటే చూస్తున్నట్టు ఉంటాయి. అందరికీ తెలిసిన సంగతే.

పొద్దు గూకింది. రెండోవాడి కళ్ళు రేపు పెడతానన్నాడు భీమయ్య.

బహమన్ 15

భీమయ్య రాలేదు. తెల్లారగట్లే వెళ్ళిపోయాడట. దొర ఇప్పించిన బియ్యం మూట కూడా ముట్టుకోలేదు. రెండోవాడు తెల్లగుడ్లతో అలాగే ఉన్నాడు. దొరకు అది పట్టలేదు. నాకు కూడా అదే మంచిదనిపించింది. ఎందుకనిపించిందో తెలియదు.

బహమన్ 16

రేపే దావత్. అమ్మ నా కోటు ఉతికి పెట్టింది.

"రేపటితోటి నీ వెట్టి ఒడుస్తది బాపు" అన్నాను.

బాపు నమ్మలేదు. నమ్మనట్టు కనిపించాలని చూశాడు. కాసేపయ్యాక తనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నిన్ను వాగు దాటిచ్చుడు యాదికున్నదారా? ఈపు మీద కూసుండి ఏబీసీడీలు సదివేటోనివి. ఒడ్డచ్చినా దిగకపోదువు. దిగు కొడుకా, ఒడ్డచ్చింది అంటె, ఇంగ జరంత దూరం బాపు అందువు" అని నవ్వాడు.

యాది ఉంది. ఆయన వీపు మీద నుంచి చూస్తే వాగు చాలా చిన్నగా కనిపించేది.

బహమన్ 17

దావత్ బాగా జరిగింది. బాపుకు వెట్టి మాఫీ అయింది. దొర అందరి ముందూ చెప్పాడు. రాయడానికి ఇంకేమీ లేదు.

బహమన్ 18

చెయ్యి మాత్రమే వేశాను. ఇక్కడ రాసి పెడుతున్నాను.

బహమన్ 19

జరిగింది జరిగినట్టు రాసుకుంటే మనసు తేలికపడుతుంది.

తాలూక్‌దార్ సాబ్ కళ్ళద్దాల మనిషి. బొమ్మ చూసి అర్థం అడిగాడు. నేను వసారా అంచున నిలబడి ఉర్దూలో చెప్పాను: రైతు సంతోషంగా మోస్తున్నాడు, ఈ ఆట ఎన్నటికీ అయిపోవద్దంటున్నాడు. "క్యా ఖూబ్" అన్నాడు. ఆయన పెదవి మీద ఒక రకం నవ్వు కనిపించింది. ఆయనకు అసలు అర్థం తెలుసేమో. తెలిసినా నష్టం లేదు, ఆయనా సవారీ చేసేవాడే.

దొరకు హుషారు పుట్టింది. "బొమ్మెందుకు సాబ్, మనిషినే సూపిస్త" అని బాపును పిలిచాడు. సాబ్ పెట్టె దించి బాపు వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేతికి పార ఇచ్చి వంగమన్నారు. మైల అంటకుండా వీపు మీద గొంగడి పరిచారు. ఉన్నికి మైల ఉండదు కదా. దొర గోడకున్న కత్తి తీయించుకుని ఎక్కి కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"రెండోడు ఏడి?" అన్నారెవరో.

దొర నన్ను చూశాడు. వెనకవైపు గొంగడి తనే ఎత్తిపెట్టాడు. "ఎక్కురా ఏసోబూ. నీకేం మైల, నీ అయ్యే గద."

సాబ్ కూడా నవ్వుతూ "చఢో, ఏసోబ్" అన్నాడు.

దగ్గరికి పోయాను. పోకపోతే మాఫీ పోయేది. బాపు కోసమే పోయాను. చెయ్యి వేశాను. ఒక కాలు వేసినట్టు చేశాను. రెండో కాలు నేల మీదే ఉంది. దూరం నుంచి చూసినవాళ్ళకు ఎక్కినట్టు కనిపించి ఉండవచ్చు.

బహమన్ 20

రెండోవాడి కళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

దొర ఎవరితోనో పెట్టించి ఉంటాడు. నర్సింగమ్మను అడిగాను. "ఎవ్వలు పెట్టలే. దావత్ నాడు మీరు దిగినంక సూసిన, గప్పటికే తెరిసి ఉన్నయి" అంది. తరవాత నా కాళ్ళ వైపు చూసి పక్కకు జరిగింది.

దిగడం ఏమిటి? ఎక్కితే కదా దిగడం. ముసలిదానికి చూపు ఆనదు.

బహమన్ 21

చెప్పులు చప్పుడు చేయడం లేదు. నాడాలు ఊడిపోయాయేమోనని తిప్పి చూశాను. ఉన్నాయి. మొన్ననే కొట్టినట్టు కొత్తగా మెరుస్తున్నాయి. గడి వాకిట్లో బండల మీద కావాలని గట్టిగా నడిచాను. ఏమీ వినబడలేదు. నా వెనక వస్తున్న మనిషి ఉత్త పాదాల చప్పుడు మాత్రం వినబడింది.

బాపు లేవలేదు. వీపు నొప్పి అంటున్నాడు.

క్రిస్మస్ పండుగ

ప్రార్థన గుడి నేల ఆడవాళ్ళు పొద్దున్నే ఎర్రమన్నుతో అలికారు. తడి ఇంకా ఆరలేదు. లోపలికి పోయినవాళ్ళందరి అడుగులూ పడ్డాయి. పెద్దవి, చిన్నవి, పిల్లలు ఉరికినవి. పాట అయిపోయి బయటికొచ్చి వెనక్కి చూశాను. నేను నడిచిన చోట అలుకు చెక్కుచెదరకుండా ఉంది.

మళ్ళీ లోపలికి పోయాను. చెప్పులు విప్పి ఉత్త కాలితో నొక్కి చూశాను. చల్లదనం తెలియలేదు. తడి తెలియలేదు. వేళ్ళ కింద ఏమీ లేనట్టుంది. వంగి చేత్తో ముట్టుకుంటే మాత్రం మన్ను చల్లగా అంటుకుంది.

నాకు భయం వేసింది. రాయకుండా ఉండలేను, చాలా భయం వేసింది.

ఇంటికొచ్చేసరికి బాపు బోర్లా పడుకుని ఉన్నాడు. వెల్లకిలా పడుకోలేడట. "ఈపు మీద మనుషులున్నరు జానమ్మా" అంటున్నాడట అమ్మతో. అమ్మ ఉప్పు కాపడం పెడుతోంది. వీపు మీద ఏమీ లేదు, ఎముకలు తప్ప.

బహమన్ 24

దవాఖానకు తీసుకుపోదామంటే బాపు వద్దన్నాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. రోజురోజుకూ చాపలోకి కుంగిపోతున్నాడు. ఊపిరి పైకి రావడం కష్టంగా ఉంది. మగతలో ఒకటే మాట.

"దిగు కొడుకా. ఒడ్డచ్చింది."

అమ్మ అనుకుంటోంది, చిన్ననాటి సంగతులు కలవరిస్తున్నాడని. నేనూ అవునన్నాను.

బహమన్ 25

"దిగు కొడుకా."

బహమన్ 26

ఆలేరు దిక్కు నడిచి పోయి భీమయ్యను పట్టుకున్నాను. ఇంటి ముందు పాతబడిన పటం ఒకటి చుట్టి, దానికి పసుపు కుంకుమ పెట్టి ఉంది. చిరిగిన పటాన్ని ఊరికే పారేయరట. మనిషి పోతే చేసినట్టే దినం చేసి నీళ్ళలో కలుపుతారట.

"గోడ మీది దాన్ని కూడా గట్ల కలుపవచ్చునా?" అని అడిగాను.

"గోడను ఏ ఏట్లెకు మోస్తవ్?" అన్నాడు.

"రెండోవాని కండ్లు తెరుసుకున్నయి."

భీమయ్య చేతిలో పని ఆపాడు. "నేను తెరువలే. పిలుపు లేంది నేను కుంచె ముట్ట. ఎవరు పిలిచిండ్రో యాది జేసుకో."

యాది చేసుకున్నాను. నిలబడ్డ చోటే చేసుకున్నాను. దావత్ నాడు ఎక్కమంటూ దొర ఒకసారి. సాబ్ ఒకసారి.

"రెండే" అన్నాను.

"రెండు పిలుపులకు కన్ను తెరువది" అన్నాడు భీమయ్య. మా ఊరికి వచ్చి ఆ బొమ్మ తీసేయమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. రానన్నాడు. దొర తన చెయ్యి తీయిస్తాడన్నాడు. "ఎక్కినోడు దిగాలె గని, ఇంగొకడు ఎట్ల దించుతడయ్యా?" అని లోపలికి పోయాడు.

దారంతా తుమ్మ ముళ్ళు. ఉత్త కాళ్ళతో నడిచి చూసినా ఒక్కటీ గుచ్చుకోలేదు.

బహమన్ 27

మూడో పిలుపు బాపుది.

నేను దగ్గరికి పోయి ఆగిపోయాను. అది నిజం. బాపు వంగి, పార మీద ఆనుకొని, దొరను మోస్తూ, తల తిప్పి నన్ను చూశాడు. మెల్లగా అన్నాడు, నాకొక్కడికే వినబడేటట్టు: "ఎక్కు ఏసోబూ. ఏం గాదు. వాగు దాటిచ్చిన గద."

ఎక్కాను. రెండు కాళ్ళూ లేచాయి. బాపు కుట్టిన చెప్పులతోనే ఎక్కాను. నా మోకాళ్ళ కింద ఆయన పక్కటెముకలు కదలడం తెలిసింది. జనం నవ్వారు. పైన కూర్చున్నవాడికి ఆ నవ్వు ఎంత బాగుంటుందో కూడా తెలిసింది. ఒక్క నిమిషం నాకూ బాగుంది. ఇదీ రాస్తున్నాను.

దిగిన జ్ఞాపకం లేదు. ఎంత వెతుక్కున్నా దిగిన జ్ఞాపకం మాత్రం లేదు.

ఇస్ఫందార్ 1

బాపు నీళ్ళు తాగడం లేదు. అమ్మ ఏడుపు ఆపేసింది. అది ఇంకా భయంగా ఉంది.

దొర దగ్గరికి పోయి, గోడకు సున్నం వేయించమని అడిగాను. "పిచ్చి లేసిందారా? రేపు పక్క ఊరి దొర వస్తుండు బొమ్మ సూడనీకె. నువ్వే చెప్పాలె మతలబు" అన్నాడు.

బొమ్మలో మోసేవాడు ఇంకా వంగాడు. గడ్డం పార పిడికి ఆనుకుంది. మొదట్లో అంత వంగి లేడు. పైన ఇద్దరూ నిటారుగా కూర్చున్నారు. ఈసారి ఫ్రాన్సు రైతు కనిపించలేదు. ఎంత చూసినా కనిపించలేదు.

ఇస్ఫందార్ 3

మేనమామ ఇల్లు. వాగు అవతల.

నిన్నటి సంగతి రాయాలి. పక్క ఊరి దొర పట్టపగలు వచ్చాడు. వసారాలో కుర్చీలు వేశారు. వాకిట్లో వెట్టివాళ్ళందరూ నిలబడి ఉన్నారు. నేను వసారా అంచున ఆగి చెప్పులు విప్పాను. కోటు విప్పి మెట్టు మీద పెట్టాను. ఒక చెప్పు చేతిలోకి తీసుకుని, పిలవకుండానే పైకెక్కి గోడ దగ్గరికి పోయాను. మా వాడ మనిషి ఎవరూ ఎన్నడూ ఎక్కని మెట్లవి.

"చెప్పురా ఏసోబుగా, గాడ ఏం రాసుందో" అన్నాడు దొర. నవ్వుతూనే అన్నాడు. నా చేతిలోది ఇంకా చూడలేదు.

"గీ ఆట జల్ది ఒడువాలె అని రాసుంది దొరా" అన్నాను. "మొదటి నుంచి గదే రాసుంది. నేనే అబద్ధం చెప్పిన. రైతు మీదెక్కి తినేటోళ్ళను సూసి జనం ఎక్కిరించనీకె గీసిన బొమ్మ గిది. ఫ్రాన్సుల అందరు ఎక్కిరిచ్చిండ్రు. గటెన్క దించిండ్రు."

నర్సింగమ్మ చీపురు ఆగిపోయింది.

చెప్పు తిప్పి పట్టుకుని నాడాలతో గీకాను. ముందు నల్ల కోటు పోయింది, తరవాత కలం. ముఖం దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆడలేదు. ఆ కళ్ళు నావే. భయపడుతున్నాయి. గట్టిగా గీకాను. ఎర్ర రంగు, కింది సున్నం, దాని కింది మన్ను రాలి నా పాదాల మీద పడ్డాయి. రాలడం తెలిసింది. బండ చల్లదనం అరికాళ్ళ నుంచి మోకాళ్ళ దాకా పాకింది. ఏడుపొచ్చింది.

"గడి గోడను చెప్పుతోటి కొడ్తడా మాదిగోడు! పట్టుండ్రి!" దొర అరిచాడు.

నలుగురు కదిలారు, కానీ మెల్లగా. నర్సింగమ్మ వాళ్ళ దారిలోనే కూర్చుని ఊడవడం మొదలుపెట్టింది. కట్టెలవాడు మోపు సరిగ్గా అక్కడే దించాడు. నేను ఉరికాను. ఉత్త కాళ్ళతో ఉరికాను, అడుగుల చప్పుడు నాకే వినబడుతుంటే.

ఇంట్లోకి పోయేసరికి బాపు చాప మీద లేచి కూర్చుని ఉన్నాడు. అమ్మ చేతిలో గంజి తాగుతున్నాడు. నేను ఏమీ చెప్పకముందే, "ఒకడు దిగిండు" అన్నాడు.

దొర మనుషులు వచ్చేలోపల వాగు దాటాలి. బాపుకు నిలబడే బలం లేదు. నేను వంగాను. "ఎక్కు బాపు" అన్నాను. వద్దన్నాడు. కొడుకు మీద ఎక్కితే పాపమన్నాడు. అమ్మ కసిరి ఎక్కించింది. అమ్మ మూట పట్టుకుని ముందు నడిచింది. నీళ్ళు మోకాళ్ళ లోతు, చల్లగా కోస్తున్నాయి. బాపు ఇంత తేలికా? కానీ ఎంత తేలికైనా మోసేవాడికి ప్రతి అడుగూ తెలుస్తుంది. ఇసుకలో నా కాలు దిగబడింది. వెనక్కి చూస్తే తడి ఇసుకలో నా అడుగులు లోతుగా వరుసగా ఉన్నాయి.

అవతలి గట్టు ఎక్కి, "దిగు బాపు, ఒడ్డచ్చింది" అన్నాను.

బాపు దిగాడు. నా భుజం పట్టుకుని నిలబడి వెనక్కి తిరిగి మా ఊరి వైపు, గడి వైపు చూశాడు. ఆయన ఇంకా సగం వంగే ఉన్నాడు.

"ఇంగొకడున్నడు కొడుకా" అన్నాడు. "వాడు చెప్తె దిగెటోడు గాదు."

అమ్మ ఇద్దరినీ తిట్టి నడవమంది. గట్టు మీద నా కాలికి పల్లేరు గుచ్చుకుంది. మేనమామ సూదితో తీస్తానంటే ఆగమన్నాను. ఇంకా నొప్పిగానే ఉంది. పొద్దున్నుంచి ఊరికే లేచి, కాలు నేలకు ఆనించి చూసుకుంటున్నాను.